జీనుకు నూనె మాన్పించడం: ఒక రాంచ్ మ్యూజియం కేస్ స్టడీ

తోలు వస్తువుల సంరక్షణ నా వృత్తి. అమెరికాలో చిన్న మ్యూజియాలకు కాంట్రాక్టు మీద పనిచేస్తాను. ఇది దక్షిణ టెక్సాస్‌లోని ఒక రాంచ్ (పశువులను పెంచే పెద్ద క్షేత్రం) మ్యూజియం కేసు. ఊరి పేరు, రాంచ్ పేరు, మనుషుల పేర్లు తీసేశాను. గుర్తుపట్టేలా ఉన్న ఒకటి రెండు వివరాలు మార్చాను. పని క్రమం, ప్రతి నిర్ణయం వెనక ఉన్న లెక్క మాత్రం జరిగింది జరిగినట్టే ఉంచాను. తోలు గురించి మా వృత్తిలో చెప్పే మొదటి మాట "నూనె పెట్టకండి" అన్నదే. ఎందుకు పెట్టకూడదో, పెట్టేసిన చోట ఏం చేయాలో, పెట్టినవాళ్ళతో ఎలా మాట్లాడాలో చెప్పేవాళ్ళు తక్కువ. అందుకే ఈ కేసు రాస్తున్నాను.

నేపథ్యం

ఆ ప్రాంతాన్ని బ్రష్ కంట్రీ అంటారు. సినిమాల్లో కనిపించే బయలు మైదానం అక్కడ ఉండదు, అంతా ముళ్ళ పొదలే. ఎక్కువగా ఉండేది మెస్కీట్ చెట్టు. మన చెరువుల్లో, బీళ్ళలో అల్లుకుపోయిన సర్కారు తుమ్మకు ఇది దగ్గరి చుట్టం, రెండూ ప్రోసోపిస్ జాతివే. కాబట్టి ఆ ముల్లు ఎలా గీరుతుందో మన పల్లెల్లో తిరిగినవాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు. అలాంటి పొదల్లో దాక్కున్న పశువును పట్టాలంటే గుర్రం పొదలోకి దూకాలి, మీద కూర్చున్న మనిషి వంగి గుర్రం మెడకు అతుక్కుపోవాలి. కాళ్ళకు చాప్స్ అనే తోలు తొడుగులు, రికాబుల ముందువైపు టాపడెరో అనే తోలు మూతలు పుట్టింది ఇందుకే.

ఈ పని చేసినవాళ్ళలో ఎక్కువమంది వాకేరోలు, అంటే మెక్సికో మూలాలున్న పశువుల కాపరులు. తాడు విసరడం, గుర్రాన్ని మాలిమి చేయడం, కొమ్మున్న జీను వాడటం టెక్సాస్ కౌబాయ్ నేర్చుకున్నది వీళ్ళ దగ్గరే. 1853లో రిచర్డ్ కింగ్ శాంటా గెర్ట్రూడిస్ వాగు ఒడ్డున మొదలుపెట్టిన కింగ్ రాంచ్ కూడా సరిహద్దు అవతలి తమౌలీపాస్ నుంచి కుటుంబాలతో సహా వచ్చిన వాకేరోల చేతి పని మీదే నిలబడింది. అంతర్యుద్ధం తర్వాత మందలను ఉత్తరాన కాన్సస్ రైలు స్టేషన్ల దాకా తోలిన కాలం గట్టిగా ఇరవై ఏళ్ళు. 1874లో జోసెఫ్ గ్లిడెన్ ముళ్ళతీగకు పేటెంటు వచ్చింది, బయళ్ళకు కంచెలు పడ్డాయి. ఈ మ్యూజియంలో వస్తువులు చాలావరకు ఆ కంచెల కాలానివి.

జీనుల గదిలో గోడకు ఒక పెద్ద ఫోటో ఉంది. మూపురం ఉన్న తెల్లటి ఎద్దు, పక్కన టోపీ పెట్టుకున్న మనిషి. నిర్వాహకురాలు అది బ్రాహ్మన్ జాతి అని పరిచయం చేసింది. ఆ జాతిని గుజరాత్ వైపు కాంక్రేజ్, గిర్ పశువులతో పాటు మన ఒంగోలు జాతి రక్తంతో తయారుచేశారు. ఒంగోలును వాళ్ళు నెల్లూరు అంటారు. 1924లో హ్యూస్టన్‌లో దానికి పెంపకందారుల సంఘం కూడా పెట్టారు. గల్ఫ్ తీరపు ఎండకూ పిడుదులకూ తట్టుకుంటుందనే దాన్ని అంతగా కోరుకున్నారు. పిడుదులు మోసే జ్వరం టెక్సాస్ పశువుల వ్యాపారాన్ని దశాబ్దాల పాటు కుదిపేసింది. పిడుదే దాన్ని మోస్తుందని థియోబాల్డ్ స్మిత్, కిల్బోర్న్ 1893లో నిరూపించాక, పశువులను ఆర్సెనిక్ ద్రావణం నింపిన కాలువల్లో ముంచి తీయడం మొదలైంది. ఫోటో చూడగానే నాకు ఒంగోలు గిత్త గుర్తొచ్చి సంబరపడిన మాట నిజమే. కానీ పనిలో కలిసొచ్చింది ఆర్సెనిక్ సంగతి, దాని గురించి కాసేపట్లో చెబుతాను.

జీనులు పాతికకు అటూ ఇటూగా ఉన్నాయి. వాటిలో ఒకటి మ్యూజియానికి ప్రాణం లాంటిది. గది మధ్యలో, కంచె కర్రలతో చేసిన స్టాండు మీద పెట్టారు. ముందువైపు కొమ్ము కింద ఉండే భాగం, అంటే ఫోర్క్, ఉబ్బు లేకుండా సన్నగా ఉంది; నిటారుగా లేచిన వెనుక ఆనుడు, పొడవాటి టాపడెరోలు. పని చూస్తే పంతొమ్మిదో శతాబ్దం చివరిదిగా అనిపిస్తుంది. ఆ ఉబ్బు ఫోర్కుల వాడకం ఇరవయ్యో శతాబ్దం మొదట్లో గానీ రాలేదు. కింద లేబుల్ మీద రాంచ్ వ్యవస్థాపకుడి పేరు, "ఆయన స్వారీ చేసిన జీను" అన్న మాట.

వచ్చిన సమస్య

నిర్వాహకురాలు ఫోన్ చేసి జీనులన్నిటికీ తెల్లగా బూజు పట్టిందని చెప్పింది. జీతం తీసుకుని పనిచేసేది అక్కడ ఆవిడ ఒక్కతే, మిగతావాళ్ళంతా వాలంటీర్లు. బ్లీచ్ కలిపిన నీళ్ళతో తుడిచి, ఎండలో పెట్టి, మళ్ళీ నూనె రాద్దామని వాళ్ళు సిద్ధమైపోయారు. నేను వెళ్ళేదాకా దేన్నీ తాకొద్దనీ, ఫోటోలు మాత్రం తీసి పెట్టమనీ చెప్పాను. పాత తోలును నీళ్ళతో తడిపితే నల్లబడి, ముడుచుకుని, ఆరాక అట్టలా అవుతుంది. ఆ మార్పుకు మందు లేదు. బూజు అయితే వారం ఆగినా నష్టం కొంచెమే. బూజు కాకపోతే బ్లీచ్ వల్ల జరిగేదంతా నష్టమే. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే ఆగమనడానికి ఎక్కువ ఆలోచించక్కర్లేకపోయింది.

వెళ్ళి చూస్తే ఒకటి కాదు, నాలుగైదు రోగాలు ఒకదాని మీద ఒకటి ఉన్నాయి. తోలు మీద పొగమంచులా తెల్లటి పొర. దాని కింద వేలికి అంటుకునే నల్లటి జిడ్డు, ఆ జిడ్డులో ఏళ్ళ తరబడి కూరుకున్న దుమ్ము. ఇత్తడి బొత్తాలు, రివెట్ల చుట్టూ మైనంలా మెత్తగా పచ్చటి చిలుము. కాలికీ గుర్రానికీ మధ్య వేలాడే ఫెండర్ అనే పలకల వెనక తోలు ఎర్రటి పొడై రాలుతోంది. రెండు జీనుల గొర్రె ఉన్ని అస్తరులో పురుగు తిన్న బాటలు. గది మధ్యలోని జీనుకైతే వీటన్నిటికీ తోడు, స్టాండు కర్రలు అంచులకు గుచ్చుకుని తోలు వంగిపోయింది. బరువైన టాపడెరోలు ఊరికే వేలాడుతూ రికాబు పట్టీలను సాగదీస్తున్నాయి.

ముందు ఏమిటో తెలుసుకోవడం

తాకే ముందు ఆర్సెనిక్ పరీక్ష చేయించాను. పాతకాలపు మ్యూజియాల్లో ఉన్ని, తోలు వస్తువులకు పురుగు మందుగా ఆర్సెనిక్ పట్టించేవాళ్ళు. ఇక్కడ దానికి తోడు పశువులను ముంచే కాలువల పక్కన ఏళ్ళపాటు తిరిగిన జీనులు ఇవి. దగ్గర్లోని విశ్వవిద్యాలయం వాళ్ళ చేతి ఎక్స్‌రే ఫ్లోరసెన్స్ యంత్రంతో (వస్తువులో ఏ మూలకాలున్నాయో చూపేది) చూస్తే తోలు మీద లెక్కలోకి రానంత, ఒక జీను ఉన్నిలో మాత్రం పట్టించుకోవలసినంత కనిపించింది. అది కాలువ నుంచి వచ్చినా, పురుగు మందుగా వచ్చినా జాగ్రత్త ఒకటే: నైట్రైల్ గ్లవ్స్, మాస్కు, ఆ జీను దగ్గర పిల్లలకు ప్రవేశం లేదు. డీడీటీ లాంటి సేంద్రియ మందులు ఈ యంత్రానికి దొరకవు, కాబట్టి మిగతా జీనులకు కూడా గ్లవ్స్ వాడాం.

తర్వాత ఆ తెల్ల పొర. హెయిర్ డ్రయ్యర్‌ను తక్కువ వేడి మీద దూరంగా పట్టి, కనపడని మూల ఒక రూపాయి బిళ్ళంత మేర వెచ్చబెట్టాను. తెలుపు కరిగి మాయమైంది. బూజు అలా కరగదు. సూక్ష్మదర్శినిలో చూస్తే బూజు పోగులు లేవు, సూదుల్లాంటి స్ఫటికాలు ఉన్నాయి. వైట్ స్పిరిట్ (పెట్రోలియం నుంచి తీసే ద్రావకం) చుక్క వేస్తే కరిగాయి. అంటే కొవ్వు. తోలు లోపలి నూనెలోని స్టియరిక్, పామిటిక్ ఆమ్లాలు పైకి వచ్చి గడ్డకట్టి అలా తెల్లగా పూస్తాయి. దీన్ని మా వాళ్ళు స్ప్యూ అంటారు, చూడటానికి అచ్చం బూజే. బూజు అనుకుని తుడిచి మళ్ళీ నూనె రాసేవాళ్ళు ప్రతి రాంచ్ మ్యూజియంలోనూ కనిపిస్తారు. రాసిన ప్రతిసారీ రోగానికి మేత పెడుతున్నట్టే.

అంతా కొవ్వే అని తేల్చేసి ఉంటే సులువుగా ఉండేది. కానీ పరీక్ష ఒక్క చోట చేసి ఊరుకోకూడదు. మూలన కిటికీ పక్కనున్న రెండు జీనుల ఉన్ని అస్తరులో బూడిద రంగు మచ్చలు వేడికి కరగలేదు, పోగులు కనపడ్డాయి. అది నిజమైన బూజు. ఒకే గదిలో, ఒకే రంగులో రెండు వేర్వేరు సంగతులు.

నూనె చరిత్ర

ప్రతి ఏటా వసంతంలో, ఊళ్ళో రోడియో, అంటే కౌబాయ్ పోటీలు, జరిగే ముందు, వాలంటీర్లంతా చేరి జీనులకు నూనె పట్టించడం ఆనవాయితీ. ఎక్కువగా నీట్స్‌ఫుట్ నూనె, అంటే పశువుల కాలి ఎముకలనుంచి తీసేది. అటకమీద పాత డబ్బాలు వెతికితే ఖనిజ నూనె కలిసిన హార్నెస్ ఆయిల్ కూడా దొరికింది. ఈ పనికి పెద్ద ఒక ముసలాయన. తాత ముత్తాతల నుంచీ వాకేరోల ఇల్లు. ఆయనా యాభై ఏళ్ళు జీను మీదే బతికాడు.

ఆయనతో "ఇది తప్పు" అనడానికి నాకు మనసొప్పలేదు. అది తప్పు కాదు కూడా. పనిచేసే జీను రోజూ గుర్రం చెమటలో నానుతుంది, ఎండకు ఎండుతుంది, వానకు తడుస్తుంది, లక్షసార్లు వంగుతుంది. దానిలో నూనె నిజంగానే తరిగిపోతుంది, తిరిగి పెట్టకపోతే పగులుతుంది. మన ఊళ్ళలో కిర్రు చెప్పులకు ఆముదం పట్టించినట్టే. నడిచే కాలికి వేసుకునే చెప్పుకు ఆముదం కావాలి. అదే జతను నలభై ఏళ్ళు గూట్లో పెట్టి ఏటేటా ఆముదం రాస్తే ఏమవుతుంది? మ్యూజియంలో జీనుకు ఖర్చు లేదు, జమ మాత్రమే. పెట్టిన నూనె ఎక్కడికీ పోదు. గాలి తగిలి ఆక్సీకరణం చెంది చిక్కబడి జిగురవుతుంది, ఆమ్లాలుగా విడిపోతుంది, ఇత్తడిలోని రాగితో కలిసి పచ్చటి సబ్బులా మారుతుంది. ఆ చిలుము మైనంలా మెత్తగా ఉండటానికి కారణం అదే.

ఎర్రపొడి వేరే కథ. దాన్ని రెడ్ రాట్ అంటారు. చెట్ల బెరడుతో పదును చేసిన తోళ్ళకే ఇది వస్తుంది. అందులోనూ హెమ్లాక్ లాంటి బెరళ్ళలో ఉండే కండెన్స్‌డ్ టానిన్లతో (తోలును పదును చేసే పదార్థాల్లో ఒక రకం) చేసినవాటికి ఎక్కువ. బొగ్గు పొగ, గ్యాస్ దీపాల గాలిలోని గంధక వాయువులు తోలులో ఆమ్లంగా నిలిచి లోపలి పోగులను కొరికేస్తాయి. మన దక్షిణాది తోళ్ళ పరిశ్రమ ఒకప్పుడు ఆధారపడిన తంగేడు చెక్కలో ఉన్నదీ ఈ కోవ టానిన్లే, కాబట్టి మన దగ్గర పాత పుస్తకాల తోలు అట్టల మీద ఎర్రపొడి చూసినవాళ్ళకు ఇది కొత్త కాదు. నూనె రెడ్ రాట్‌ను ఆపదు. పొడిని తడిపి ముద్ద చేసి, ఆగినట్టు కనిపించేలా చేస్తుంది అంతే.

ప్రయత్నించినవి, పనిచేయనివి

ప్రయోగానికి పెద్ద చరిత్ర లేని ఒక జీనును ఎంచుకున్నాను. మొదట పొడి శుభ్రత: మెత్తటి కుంచె, సన్నటి దుమ్మును కూడా పట్టే హెపా వాక్యూమ్, మేకప్ స్పాంజీలు. పై దుమ్ము పోయింది, జిడ్డు పోలేదు. స్పాంజీ అంటుకుని దుమ్మును చెక్కుడు పువ్వుల సందుల్లోకి తోసేస్తుంటే ఆపేశాను.

తర్వాత ఆరోమాటిక్ హైడ్రోకార్బన్లు తీసేసిన వైట్ స్పిరిట్‌తో దూది పుల్లలు. ఒక ఫెండర్‌లో సగం మాత్రమే చేశాను, మిగతా సగం పోలికకు ఉంచాను. ఫలితం కళ్ళు చెదిరేలా వచ్చింది. నల్లటి జిడ్డు కింద నుంచి తేనె రంగు తోలు, పూలు చెక్కిన గీతలు స్పష్టంగా తేలాయి. నిర్వాహకురాలు అన్ని జీనులూ ఇలాగే చేసేద్దామంది. కొన్నాళ్ళు ఆగి చూద్దామన్నాను, ఎందుకంటే నేను తీసింది పైనున్నదాన్నే, లోపలిది అలాగే ఉంది. మళ్ళీ వెళ్ళేసరికి తెల్ల పొర తిరిగొచ్చింది. అదీ శుభ్రం చేసిన సగం మీదే ఎక్కువగా. పై జిగురు పోయాక లోపలి కొవ్వుకు దారి సులువైంది.

కానీ అంత తొందరగా ఎందుకు? వేడినీ చెమ్మనూ నమోదు చేయడానికి గదిలో పెట్టిన డేటా లాగర్ దానికి జవాబిచ్చింది. కరెంటు బిల్లు కోసం సాయంత్రం మూసేటప్పుడు ఏసీ ఆపేస్తున్నారు. మ్యూజియం తెరవని రోజుల్లో అసలు వేయరు. వేసవిలో గది ముప్ఫై అయిదు డిగ్రీల సెల్సియస్ దాటి వేడెక్కుతోంది, పొద్దున ఒక్కసారిగా ఇరవై ఒకటికి దిగుతోంది; గాలిలో చెమ్మ నలభైల నుంచి డెబ్భై అయిదు శాతం దాకా ఊగుతోంది. రాత్రి వేడికి కొవ్వు పల్చబడి పైకి పాకుతుంది, పొద్దున చల్లదనానికి అక్కడే గడ్డకడుతుంది. రోజూ ఇదే. ఆ రెండు జీనుల బూజుకు కారణమూ అక్కడే దొరికింది.

రెడ్ రాట్‌కు వాడే మామూలు మందు హైడ్రాక్సీప్రొపైల్ సెల్యులోజ్. ఒకటి రెండు శాతం ఐసోప్రొపనాల్‌లో కలిపి కుంచెతో పట్టిస్తే పొడి పోగులను పట్టి ఉంచుతుంది. నూనె ఇంకిన చోట చిన్న మచ్చంత పరీక్షిస్తే నల్లగా మారి అలాగే ఉండిపోయింది. ఆ చోట్లకు ఆ మందు వద్దని రాసుకున్నాను. నూనెను పీల్చే పొడితో పట్టీ వేయడం గురించి కూడా ఆలోచించాను గానీ, చెక్కుడు పని సందుల్లో ఇరుక్కునే పొడిని తిరిగి తీయడానికి మళ్ళీ రుద్దాలి. లాభం కన్నా రాపిడి ఎక్కువ, దాన్ని పరీక్ష దాకా కూడా పోనివ్వలేదు.

ముసలాయన చదివిన జీను

గది మధ్యలోని జీనును తాకే ముందు ఆయన్ని కూర్చోబెట్టి అడిగాను: ఈ జీను మీద మీకేం కనిపిస్తోంది? నాకు తెలిసిన శాస్త్రం తోలు ఎలా చెడుతుందో చెబుతుంది. ఎలా వాడారో చెప్పేది వేరే చదువు, అది ఆయన దగ్గర ఉంది. శుభ్రం చేయడం వెనక్కి తిప్పుకోలేని పని. పోయాక అడిగి లాభం లేదు.

ఆయన టోపీ తీసి పక్కన పెట్టి, టార్చిలైటు ఏటవాలుగా పట్టించాడు. టాపడెరోల మీద, ఫెండర్ల ముందు అంచుల మీద అన్నీ ఒకే దిశలో సన్నటి గీతలు. "ముల్లు. ఇది ఊరేగింపుల్లో తిరిగింది కాదు, పొదల్లో బతికింది" అన్నాడు. కొమ్ము అడుగున లోతుగా ఒకే ఒక గాడి ఉంది. తాడు కొసను కొమ్ముకు ముడేసి పెట్టుకునే టెక్సాస్ పద్ధతిలో, పట్టుబడిన పశువు గుంజిన ప్రతిసారీ తాడు అక్కడే కోస్తుంది. కుడివైపు తాడు చుట్ట వేలాడిన చోట అరుగుదల. ఒక పట్టీ తెగితే పచ్చితోలు దారంతో కుట్టుకున్నారు, దుకాణం కుట్టు కాదు. ఆఖరికి ఆయన రికాబు పట్టీ రంధ్రాలు చూపించాడు. ఒక్క రంధ్రమే సాగి కోడిగుడ్డు ఆకారానికి వచ్చింది, అక్కడే తోలుకు మడత పడి ఉంది. ఆ కొలతకు సరిపోయేది పొట్టి మనిషి కాళ్ళు. గోడ మీది ఫోటోల్లో వ్యవస్థాపకుడు పక్కవాళ్ళకన్నా తల ఎత్తు పొడుగు.

ఇక్కడితో శుభ్రత పథకం మారిపోయింది. ముల్లు గీతలు కనపడుతున్నది వాటిలో చేరిన పాత మట్టి వల్లే. వైట్ స్పిరిట్‌తో తుడిస్తే చుట్టూ ఉన్న జిడ్డుతో పాటు అదీ పోతుంది. కొమ్ము గాడిలో నల్లబడిన తాడు పీచు, ఫెండర్ వెనక చెమట ఉప్పు చారలు, ఒక టాపడెరోలో విరిగి ఉండిపోయిన ముల్లు మొన, ఇవన్నీ మురికే. వీటిని తీసేస్తే మిగిలేది అందమైన జీను, ఎవరిదైనా కావచ్చు. జీను బొమ్మ గీసి, తాకకూడని చోట్లు ఎర్రగా, జిడ్డు తీయవలసినవి పసుపుగా రంగులేశాం. హద్దులు ఎక్కడ గీయాలో ఆయనా నేనూ వాదించుకున్న చోట్లు ఉన్నాయి. ఉప్పు చారల మీద ఆయన తీసేద్దామన్నాడు, ఉప్పు తోలును తింటుందని. పనిచేసే జీను విషయంలో ఆ మాట నిజం. చెమ్మ నిలకడగా ఉంటే ఎండిన ఉప్పు కదలదన్నది నా లెక్క. కాబట్టి ఆ నిర్ణయం గది వాతావరణం మీద ఆధారపడింది.

పనిచేసినవి

మొదట గది. ఇరవై నాలుగు గంటలూ ఏసీ అంటే మ్యూజియం బోర్డు సభ్యులు కరెంటు బిల్లు గురించి భయపడ్డారు. అంత చల్లదనం అక్కర్లేదు, ఒకే తీరుగా ఉంటే చాలునన్నాను. ఇరవై అయిదు దగ్గర ఆపకుండా నడపడం, జీనుల గది తలుపు మూసి ఉంచడం, ఒక డీహ్యుమిడిఫయర్, పడమటి కిటికీకి లోపలినుంచి పలకలు. చెమ్మ యాభై అటూ ఇటూగా నిలబడింది. తెల్ల పొర కొత్తగా రావడం తగ్గిపోయింది. దాని తర్వాతే జీనుల మీద చేయి వేశాను.

పురుగు పట్టిన జీనులకు మామూలుగా అయితే ప్లాస్టిక్‌లో చుట్టి సున్నాకు ఇరవై డిగ్రీల కింద ఫ్రీజర్‌లో పెడతాం. ఇక్కడ వద్దనుకున్నాను. నూనెతో ఉబ్బిన తోలును గడ్డకట్టిస్తే కొవ్వంతా ఒక్కసారి పైకి పూస్తుంది. పైగా లోపలి కొయ్య చట్రం మీద బిగించిన పచ్చితోలు ఒక తీరున, కొయ్య ఒక తీరున ముడుచుకుంటాయి. బదులుగా గాలి చొరని పొర సంచిలో ఆక్సిజన్‌ను పీల్చే పొట్లాలతో మూసి, ఆక్సిజన్ అర శాతం కంటే తక్కువలో మూడు వారాలకు పైగా ఉంచాం. ఖర్చు కాస్త ఎక్కువ, ఓపిక ఇంకా ఎక్కువ. పురుగు చచ్చాక పొట్టు, బూజు పొడిని వాక్యూమ్ కిందే కుంచెతో తీశాం.

ఆ తర్వాత పసుపు గీసిన చోట్ల వైట్ స్పిరిట్, ఒకేసారి తేల్చేయకుండా విడతలు విడతలుగా, విడతకు విడతకు మధ్య తోలును చూసుకుంటూ. చిలుమును వెదురు పుల్లతో గీకి, మిగిలిన పొరను దూదితో తీశాం. లోహపు పనిముట్లు వాడలేదు. నూనె చేరని లోపలి అంచుల్లో మాత్రం రెడ్ రాట్‌కు సెల్యులోజ్ మందు పట్టింది. నూనె ఇంకిన చోట్ల పొడి రాలేది రాలనిచ్చి, అక్కడ చేయి తగలకుండా చూసుకోవడమే చికిత్స. సాగిన రికాబు పట్టీలకు వెనకనుంచి పాలియెస్టర్ గుడ్డ, బేవా 371 అనే జిగురు ఫిల్మ్‌తో ఆసరా.

అన్నిటికన్నా ఎక్కువ మేలు చేసింది స్టాండు. కంచె కర్రలు తీసేసి, ఈథాఫోమ్ అనే గట్టి ఫోమ్‌ను గుర్రం వీపు ఆకారానికి కోసి, మీద పాలియెస్టర్ దూది, ఉతికిన తెల్ల గుడ్డ తొడిగాం. టాపడెరోల కింద చిన్న అరలు పెట్టి బరువు వాటి మీదకు తెచ్చాం. చూడటానికి కంచె కర్రల పాటి సొగసు లేదని బోర్డులో ఒకరు బాధపడ్డారు. వంగిన అంచులు నెలలు గడిచేకొద్దీ వాటంతటవే కొంత సర్దుకున్నాయి.

మిగిలింది నూనె పండుగ. మానేయమంటే ఆ రోజు కూడా పోతుంది, రోడియో ముందు అందరూ చేరే రోజు అది. ముసలాయన తన సొంత జీనును ఇచ్చాడు. పిల్లలు ఎక్కి కూర్చోవడానికి, తాడు వేసి చూడటానికి. దానికి ఏటా నూనె పట్టిస్తారు, అది దానికి అవసరం కూడా. మిగతా జీనులకు ఆ రోజు టార్చిలైటు పరీక్ష: ప్రతి జీనుకూ ఒక కాగితం, తెల్ల పొర ఎక్కడ, పొడి ఎక్కడ, పురుగు పొట్టు ఉందా అని. ఆయన కళ్ళకు దొరికినవి నా నివేదికలో లేనివి కూడా ఉన్నాయి.

లేబుల్

రికాబు రంధ్రం సంగతి చెప్పగానే వ్యవస్థాపకుడి కుటుంబంలో ఒకరు ఇబ్బంది పడ్డారు. వాళ్ళ బాధ నాకు అర్థమైంది. సాక్ష్యం చెప్పేది ఇంతే: చివరి కాలంలో దీన్ని ఎక్కువగా వాడింది పొట్టి మనిషి, ముళ్ళ పొదల్లో, తాడు పనికి. జీను వ్యవస్థాపకుడు కొన్నది కాదని అది చెప్పదు. ఆయన ఎప్పుడూ ఎక్కలేదనీ చెప్పదు. అలాగని "ఆయన స్వారీ చేసిన జీను" అన్న మాటకు కుటుంబంలో వినికిడి తప్ప వేరే ఆధారం లేదు. ఈ ప్రాంతపు మ్యూజియాల్లో యజమానుల పేర్లు లేబుళ్ళ మీద ఉంటాయి, వాకేరోలు ఫోటోల అంచుల్లో పేర్లు లేకుండా ఉంటారు. రాంచ్ జీతాల పుస్తకాల్లో ఈ జీనుకు ముడిపెట్టగల పేరు ఏదీ దొరకలేదు. దొరికినట్టు రాయడానికి కుదరదు.

చివరికి లేబుల్ మీద మూడు సంగతులు వేశారు. ఈ జీను ఫలానా రాంచ్‌ది, వ్యవస్థాపకుడి కుటుంబం ఇచ్చింది. దీని మీది గుర్తులు పొదల్లో పశువులను పట్టిన వాకేరో పనిని చూపిస్తున్నాయి. ఆ మనిషి పేరు తెలియదు. పక్కన ఏటవాలు వెలుతురులో తీసిన ముల్లు గీతల ఫోటో. పాత లేబుల్‌ను పారేయకుండా, ఎవరు ఎప్పుడు రాశారన్న వివరంతో ఫైల్లో ఉంచాం.

ఇలాంటి పని చేసేవాళ్ళకు

తెల్లగా కనపడగానే బూజు అని ఖాయం చేయొద్దు, కొవ్వని కూడా ఖాయం చేయొద్దు. ప్రతి వస్తువు మీద రెండు మూడు చోట్ల చూడండి. నూనె పట్టించిన తోలుకు నివారణ గది నుంచి మొదలవుతుంది. వాతావరణం నిలబడకముందు చేసే శుభ్రత ఫోటోలకు తప్ప ఎందుకూ పనికిరాదు. ఇంట్లో తాతల కాలం జీనో, తోలు పెట్టో ఉన్నవాళ్ళు నన్ను ఏ పాలిష్ మంచిదని అడుగుతుంటారు. వాడే వస్తువైతే దుకాణంవాడు చెప్పింది చాలు. దాచుకునే వస్తువైతే మెత్తటి కుంచె, వెలుతురు తక్కువ, గోడకు దూరం, చెమ్మ అరవై దాటకుండా చూడటం, ఇంతే. ఇంకో మాట: తుడవడానికి ముందు ఆ వస్తువును వాడినవాళ్ళు ఎవరైనా బతికి ఉంటే వాళ్ళ చేత చూపించండి.

ప్రస్తుతం రెండు జీనుల మీద చలికాలంలో తెల్ల పొర ఇంకా పలచగా వస్తోంది. రెండూ హార్నెస్ ఆయిల్ ఎక్కువగా తాగినవి. వాటికి మళ్ళీ వైట్ స్పిరిట్ వాడాలా, పొర వచ్చినప్పుడల్లా కుంచెతో దులిపి ఊరుకోవాలా అన్నది తేల్చలేదు. ప్రస్తుతానికి కుంచే.